మార్చిన మోకాలు వాచింది: రక్తం చెప్పేదెంత, కీలు నీరు చెప్పేదెంత?

ప్రశ్న: మా అమ్మకు 64 ఏళ్ళు. పద్నాలుగు నెలల కిందట కుడి మోకీలు మార్పిడి ఆపరేషన్ చేయించాం. ఏడాది పాటు బాగానే నడిచింది. రెండు నెలలుగా మళ్ళీ నొప్పి మొదలైంది, రాత్రిళ్ళు ఎక్కువ. మోకాలు కొంచెం వాచింది, చెయ్యి పెడితే వెచ్చగా తగులుతోంది. జ్వరం లేదు. షుగర్ ఉంది, మాత్రలు వాడుతోంది. ఎక్స్‌రేలో తేడా ఏమీ లేదన్నారు. ఈఎస్ఆర్ 58, సీఆర్పీ 18, తెల్లకణాలు 8,200 వచ్చాయి. ఊళ్ళో డాక్టరుగారు ఐదు రోజులు యాంటీబయాటిక్ ఇస్తే తగ్గినట్టే తగ్గి మళ్ళీ తిరగబెట్టింది. ఆఖరి మాత్ర వేసుకుని పది రోజులైంది. ఆపరేషన్ చేసిన సర్జన్‌గారు మోకాల్లోంచి నీరు తీసి పరీక్షకు పంపాలంటున్నారు. మా మామయ్యేమో 'లేని ఇన్ఫెక్షన్‌ను సూదితో లోపలికి పంపుకుంటారా, రక్త పరీక్షలతో తేల్చుకోండి' అంటున్నాడు. ల్యాబ్ వాళ్ళు ప్రోకాల్సిటోనిన్, డి-డైమర్ కలిపి ప్యాకేజీ ఉందన్నారు. ఆల్ఫా డిఫెన్సిన్ అనే పరీక్ష ఉందని నేను చదివాను. వీటిలో ఏది చేయించాలి?
ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ సర్జన్‌గారు చెప్పిందే చేయించండి. మోకాల్లో నీరు తీసి పరీక్షకు పంపాల్సిందే. అది అయ్యేదాకా అమ్మగారికి ఇంకో యాంటీబయాటిక్ మాత్ర వేయకండి, ఎవరిచ్చినా సరే. మీరడిగినదానికి జవాబు ఇంతే. అయితే ఎందుకో తెలిస్తే మామయ్యగారికి సర్దిచెప్పడం తేలికవుతుంది, ఎలాగో తెలిస్తే తీసిన నీరు వృథా కాకుండా ఉంటుంది. ఈ రెండోది చాలామంది పట్టించుకోరు.

ముందు మీ చేతిలో ఉన్న రిపోర్టు చూద్దాం. సీఆర్పీ 18 అని రాశారు, యూనిట్ రాయలేదు. కాగితం తీసి అంకె పక్కన ఏముందో చూడండి. కొన్ని ల్యాబ్‌లు లీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తాయి, కొన్ని డెసీలీటరుకు ఇస్తాయి. రెండింటికీ పది రెట్ల తేడా. డెసీలీటరుకు 1.2 అని వస్తే 'ఒకటేగా, ఏముందిలే' అనుకుంటారు; నిజానికి అది లీటరుకు 12, అంటే 10 అనే హద్దు దాటినట్టే. జ్వరం లేకుండా, నెలల తరబడి సన్నగా సాగుతున్న నొప్పి కాబట్టి మీది లీటరుకు 18 అనే అనుకుని రాస్తున్నాం. డెసీలీటరుకు 18 అయితే అది 180 కింద లెక్క, ఆలస్యం చేయకుండా ఈరోజే సర్జన్‌కు ఫోన్ చేయండి. ఇంకో సంగతి: గుండెజబ్బు ముప్పు అంచనాకు చేసే హెచ్ఎస్-సీఆర్పీ వేరే పరీక్ష. మనకు కావలసింది మామూలు సీఆర్పీ.

ఈ సీఆర్పీ మోకాల్లో పుట్టేది కాదు. ఒంట్లో ఎక్కడ మంట రేగినా అక్కడి కణాలు ఇంటర్‌ల్యూకిన్-6 ద్వారా కబురు పెడతాయి. ఆ కబురు అందుకుని కాలేయం సీఆర్పీని తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. అంటే ఊళ్ళో ఎక్కడో పొగ లేచిందని చెబుతుందే గానీ ఏ వీధిలోనో చెప్పదు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, షుగర్ వల్ల కాలికి పుండు పడినా, పంటి చిగురు చీము పట్టినా, కీళ్ళవాతం ఉన్నా పెరుగుతుంది. ఈఎస్ఆర్ (ట్యూబులో ఎర్రకణాలు గంటలో ఎంత కిందికి దిగాయో కొలిచే పరీక్ష) ఇంకా మెతక సాక్షి. వయసుతో, రక్తహీనతతో, కిడ్నీ జబ్బుతో కూడా పెరుగుతుంది. ఆడవాళ్ళకు వయసుకు పది కలిపి సగం చేస్తే వచ్చే అంకె దాకా మామూలే అని ఒక పాత లెక్క ఉంది. అమ్మగారికి అది 37. వచ్చింది 58. కాబట్టి వయసు మీదకు తోసేయడానికి కూడా వీల్లేదు.

ఆపరేషన్ అయిన కొత్తలో మాత్రం ఈ రెండూ పెరిగే ఉంటాయి, కంగారు పడనక్కర్లేదు. సీఆర్పీ రెండో, మూడో రోజున శిఖరానికి చేరి, ఆ తర్వాత కొద్ది వారాల్లో దిగుతుంది. ఈఎస్ఆర్‌కు నెలలు పడుతుంది. మీ అమ్మగారికి పద్నాలుగు నెలలు దాటాయి కాబట్టి ఆ సాకు ఇక చెల్లదు.

తెల్లకణాలు 8,200 మాత్రమే ఉన్నాయి, జ్వరం లేదు, ఎక్స్‌రే బాగుంది కదా అన్న ధైర్యం కూడా వద్దు. మార్చిన కీలు చుట్టూ నిదానంగా సాగే ఇన్ఫెక్షన్లలో ఈ మూడూ మామూలుగా ఉండటమే ఎక్కువ. స్టెఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్, క్యూటీబ్యాక్టీరియం ఆక్నెస్ లాంటివి మన చర్మం మీద నివసించే క్రిములే. లోహం, ప్లాస్టిక్ మీద చేరి చుట్టూ ఒక జిగురు పొర అల్లుకుని ఆ చాటున ఉంటాయి. యాంటీబయాటిక్ ఆ పొరలోకి సరిగా దిగదు; బయట తిరిగే క్రిములను మాత్రం చంపుతుంది. అందుకే ఐదు రోజుల మాత్రలకు తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చింది. ఈ తిరగబెట్టడమే ఇన్ఫెక్షన్‌ను అనుమానించడానికి ఒక కారణం.

ఇక లెక్కలోకి వద్దాం. కృత్రిమ కీలు ఇన్ఫెక్షన్‌ను నిర్ధారించడానికి ఏ ఒక్క పరీక్షా చాలదని అందరికీ తెలుసు. అందుకే 2011లో అమెరికాలోని మస్క్యులోస్కెలెటల్ ఇన్ఫెక్షన్ సొసైటీ ఒక కొలమానం తెచ్చింది. 2013లో దాన్ని సవరించారు, 2018లో మార్కుల పద్ధతిలోకి మార్చారు. చర్మం మీద నుంచి కీలు దాకా చీము కారే దారి ఏర్పడినా, రెండు వేర్వేరు నమూనాల్లో ఒకే క్రిమి పెరిగినా ఇక మార్కులతో పనిలేదు, ఇన్ఫెక్షన్ ఉన్నట్టే. ఆ రెండూ లేనప్పుడే మార్కులు వేస్తారు. రక్తంలో సీఆర్పీ లీటరుకు 10 మి.గ్రా. దాటినా, లేదా డి-డైమర్ మిల్లీలీటరుకు 860 నానోగ్రాములు దాటినా 2 మార్కులు. ఈఎస్ఆర్ 30 దాటితే 1. కీలు నీటిలో తెల్లకణాలు మైక్రోలీటరుకు 3,000 దాటినా, లేదా ల్యూకోసైట్ ఎస్టరేజ్ పట్టీ (దీని సంగతి కింద చెబుతాం) రెండు ప్లస్‌లు చూపినా 3. ఆల్ఫా డిఫెన్సిన్ పాజిటివ్ అయితే 3. కీలు నీటి తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ (క్రిములను చంపే ఒక రకం తెల్లకణాలు) వాటా 80 శాతం దాటితే 2. కీలు నీటిలోనే కొలిచిన సీఆర్పీ లీటరుకు 6.9 దాటితే 1. మొత్తం 6 గానీ అంతకు మించి గానీ వస్తే ఇన్ఫెక్షన్ ఉంది. 2 నుంచి 5 దాకా వస్తే అనుమానం. 0, 1 వస్తే లేదు.

అమ్మగారికి వేసి చూడండి. సీఆర్పీకి 2, ఈఎస్ఆర్‌కు 1, మొత్తం 3. అనుమానం గడిలో ఉన్నారు.

ఇప్పుడు ల్యాబ్ ప్యాకేజీ సంగతి. పైన 'లేదా' అన్న మాట గమనించారా? సీఆర్పీకి, డి-డైమర్‌కు కలిపే ఆ 2 మార్కులు. సీఆర్పీకి ఇప్పటికే 2 వచ్చేశాయి. డి-డైమర్ ఎంత వచ్చినా మార్కులు 3 దగ్గరే ఉంటాయి. రక్తం గడ్డలను శరీరం కరిగించుకునేటప్పుడు విడిపోయే ముక్క అది. వయసుతో పెరుగుతుంది, కాలి సిరలో గడ్డ ఉన్నా పెరుగుతుంది. దానికీ రెండు రకాల యూనిట్లున్నాయి, ఒకదానికంటే ఒకటి దాదాపు రెట్టింపు. ఏ యూనిట్లో ఇచ్చారో చూడకుండా 860తో పోల్చి తప్పులో కాలేసేవాళ్ళు తక్కువేం కాదు. ప్రోకాల్సిటోనిన్ అయితే ఒళ్ళంతా విషం పాకే సెప్సిస్‌లో బాగా పనికొస్తుంది. మోకాలికే పరిమితమై నెమ్మదిగా సాగే ఇన్ఫెక్షన్‌లో అది పెరగకుండానే ఉండిపోవచ్చు. అంతకంటే పెద్ద చిక్కు ఏమిటంటే, అది నార్మల్ వస్తే ఇంట్లో అందరూ 'ఏమీ లేదట' అని ఊపిరి పీల్చుకుని నీరు తీసే పని వాయిదా వేస్తారు. ఆ ప్యాకేజీ డబ్బులు నీటి పరీక్షలకు దాచండి.

రక్తంలో ఇంకెన్ని పరీక్షలు చేసినా 3 మార్కులు దాటి ముందుకు పోలేరు. కావలసిన మిగతా మార్కులన్నీ కీలు నీటిలోనే ఉన్నాయి. మామయ్యగారికి ఈ ఒక్క లెక్క చూపిస్తే చాలు.

ఆయన భయానికి ఆధారం అసలు లేకపోలేదు. చర్మం సరిగా శుభ్రం చేయకుండా, ఓపీ బల్ల మీద హడావుడిగా సూది గుచ్చితే క్రిమిని మనమే లోపలికి పంపినట్టవుతుంది. అందుకే ఆపరేషన్ థియేటర్‌లోనో, ప్రొసీజర్ గదిలోనో, ఆపరేషన్‌కు చేసినంత శ్రద్ధగా చర్మం తుడిచి, ఆరనిచ్చి, స్టెరైల్ గుడ్డలు పరిచి, గ్లౌజులతో చేయించుకోవాలి. అలా చేస్తే సూది వల్ల ఇన్ఫెక్షన్ రావడం చాలా అరుదు. సూది దిగే చోట పుండుగానీ ఎర్రటి దద్దుగానీ ఉంటే అక్కడ గుచ్చకూడదు, వేరే దారి చూడాలి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి.

ఎప్పుడు తీయించాలి? ఆఖరి యాంటీబయాటిక్ వేసుకుని రెండు వారాలు నిండాలి. మీకు పది రోజులైంది, ఇంకో నాలుగైదు రోజులు ఆగితే చాలు. మాత్ర ప్రభావం ఉండగా నీరు తీస్తే కల్చర్‌లో, అంటే నీటిలోని క్రిములను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షలో, క్రిమి పెరగకపోవచ్చు. తెల్లకణాల లెక్క, ఆల్ఫా డిఫెన్సిన్ అంతగా దెబ్బతినవు గానీ, ఏ క్రిమో తెలియకపోతే తర్వాత ఏ మందు ఇవ్వాలో గుడ్డిగా ఊహించుకోవాల్సి వస్తుంది. ఈ నాలుగు రోజుల్లో చలితో జ్వరం వచ్చినా, మోకాలు ఒక్కసారిగా ఎర్రబారి ఉబ్బినా, గాయం మచ్చ దగ్గర చెమ్మ కనిపించినా, అమ్మగారు మగతగా ఉన్నా లెక్కలు పక్కనపెట్టి అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఒక పొరపాటు తరచుగా జరుగుతుంటుంది. వాపు తగ్గించడానికని నీరు తీసి పారబోసి, అదే సూదితో లోపల స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేసేస్తారు. ఇన్ఫెక్షన్ అనుమానం ఉన్న మార్చిన కీలులోకి స్టెరాయిడ్ వేయించుకోవద్దు. తీసిన నీరు ఒక్క చుక్క కూడా పారబోయనివ్వొద్దు. నొప్పి తెలియకుండా మత్తు మందు చర్మానికి ఇవ్వొచ్చు గానీ కీలు లోపలికి వెళ్ళకూడదు. ఆ మత్తు మందు లిగ్నోకైన్‌కు క్రిములను అణిచే గుణం కొంత ఉంది, కల్చర్ చెడుతుంది. నీరు రాకపోతే సెలైన్ లోపలికి పంపి వెనక్కి లాగే అలవాటు కొందరికి ఉంది. అలా తీసిన నీటిలో కణాల లెక్క పలచబడిపోతుంది, ఆ అంకెను 3,000తో పోల్చడానికి వీలుండదు.

నీరు వచ్చాక ఎందులో పోస్తారన్నది అసలు విషయం. తెల్లకణాల లెక్కకు ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ ట్యూబు కావాలి. ఒక మిల్లీలీటరు చాలు. మామూలు ట్యూబులోనో సిరంజిలోనో పంపితే నీరు గడ్డకట్టి కణాలు అందులో చిక్కుకుపోతాయి, లెక్క తక్కువగా వస్తుంది. పోసిన వెంటనే ట్యూబును మెల్లగా ఏడెనిమిదిసార్లు తలకిందులు చేయాలి. కల్చర్‌కు బ్లడ్ కల్చర్ బాటిళ్ళలో, గాలి ఉన్నదీ లేనిదీ రెండు రకాల్లోనూ, బల్ల దగ్గరే పోస్తే క్రిమి దొరికే అవకాశం పెరుగుతుంది. నీరు తక్కువ వస్తే పిల్లల బాటిల్ అడగండి, దానికి ఒకటి రెండు మిల్లీలీటర్లు సరిపోతుంది. దూది పుల్లతో తుడిచి పంపే స్వాబ్ పనికిరాదు. వచ్చిందే రెండు మిల్లీలీటర్లయితే ఒకటి ఈడీటీఏకు, మిగిలినది కల్చర్‌కు, తక్కినవన్నీ తర్వాత.

ఈడీటీఏ ట్యూబు ఊళ్ళోని చిన్న ల్యాబ్ నుంచి హైదరాబాద్‌కు కొరియర్‌లో మర్నాడు చేరితే కణాలు కొన్ని చితికిపోయి ఉండొచ్చు. కొద్ది గంటల్లో లెక్కించే చోటే ఇవ్వండి. నీరు చిక్కగా ఉంటే యంత్రం సరిగా లాగదు, లోహపు పొడి ఉంటే దాన్ని కూడా కణమనుకుని లెక్కేస్తుంది. మైక్రోస్కోప్ కింద చేత్తో లెక్కించమని చీటీ మీద రాయించండి.

రిపోర్టు వచ్చాక మూడు చోట్ల పొరబడతారు.

మొదటిది హద్దు. ల్యాబ్ కాగితం మీద అచ్చువేసే హద్దులు సహజమైన కీళ్ళవి. సహజ కీలులో చీము పట్టిందనడానికి తెల్లకణాలు 50,000 దాటాలని పాత పాఠం. అది గుర్తున్నవాళ్ళు అమ్మగారి రిపోర్టులో 4,500 చూసి 'ఇన్ఫెక్షన్ కాదు, మామూలు వాపే' అనేస్తారు. మార్చిన కీలుకు 3,000 దాటినా చాలు, అనుమానించాలి. యూరప్ వాళ్ళ 2021 నిర్వచనం ఇంకా కిందికి దిగి 1,500 దాటినా, న్యూట్రోఫిల్స్ 65 శాతం దాటినా 'ఉండే అవకాశం ఉంది' అంటుంది. ఈ హద్దులు కూడా ఆపరేషన్ అయి మూడు నెలలు దాటినవాళ్ళకే. మూడు నెలల లోపైతే సీఆర్పీకి 100, తెల్లకణాలకు 10,000, న్యూట్రోఫిల్స్‌కు 90 శాతం అని వేరే హద్దులున్నాయి. ఈ మధ్యే ఆపరేషన్ అయినవాళ్ళు పై మార్కులు చూసి బెంబేలెత్తవద్దు.

రెండోది రక్తం కలవడం. సూది గుచ్చేటప్పుడు చిన్న నాళం తగిలి నీరు ఎర్రగా వస్తే, ఆ రక్తంలోని తెల్లకణాలు కూడా కీలు లెక్కలోకి చేరిపోతాయి. దీనికి చిన్న తీసివేత ఉంది, ఎవరైనా ఫోన్ క్యాల్‌క్యులేటర్‌లో చేసుకోవచ్చు. కీలు నీటిలో ఎర్రకణాలెన్నో అడగాలి. ఉదాహరణకు కీలు నీటిలో తెల్లకణాలు 4,200, ఎర్రకణాలు మైక్రోలీటరుకు 10 లక్షలు వచ్చాయనుకోండి. అదే రోజు రక్తంలో తెల్లకణాలు 8,200, ఎర్రకణాలు 41 లక్షలు. రక్తపు తెల్లకణాలను కీలు ఎర్రకణాలతో గుణించి రక్తపు ఎర్రకణాలతో భాగిస్తే 2,000 వస్తుంది. అవి రక్తంతో పాటు వచ్చి చేరినవి. 4,200 నుంచి తీసేస్తే మిగిలేవి 2,200. హద్దు దాటిందనుకున్న నీరు హద్దులోకి వచ్చేసింది! అందుకే నీరు తీసిన రోజే సీబీపీ (రక్తకణాల లెక్క) కూడా చేయించి పెట్టుకోండి, లేకపోతే ఈ తీసివేతకు అంకెలుండవు.

మూడోది న్యూట్రోఫిల్స్ శాతాన్ని వదిలేయడం. 'సెల్ కౌంట్' అని మాత్రమే రాస్తే కొన్ని ల్యాబ్‌లు మొత్తం అంకె ఇచ్చి ఊరుకుంటాయి. 'డిఫరెన్షియల్‌తో సహా' అని రాయించాలి. 2 మార్కుల విషయం అది.

చవకగా అయిపోయే పరీక్ష ఒకటుంది, మన దగ్గర దాన్ని వాడుకోవాల్సినంత వాడుకోవడం లేదని మా అభిప్రాయం. మూత్ర పరీక్షకు వాడే పట్టీయే. దాని మీద ల్యూకోసైట్ గడి ఉంటుంది. కీలు నీటి చుక్క ఆ గడి మీద వేసి రెండు నిమిషాలు ఆగితే, న్యూట్రోఫిల్స్ విడిచిన ఎంజైమ్ ఎక్కువగా ఉంటే ముదురు ఊదారంగుకు మారుతుంది. డబ్బా మీద ఉన్న రంగుల పట్టికలో రెండు ప్లస్‌ల గడికి సరిపోవాలి. ఒక ప్లస్ వస్తే లెక్క కాదు. షుగర్, ప్రోటీన్ మాత్రమే చూసే రెండు గళ్ళ పట్టీ పనికిరాదు. పది పరీక్షల పట్టీ కావాలి. నీటిలో రక్తం కలిస్తే రంగు తెలియదు. అప్పుడు రెండు మూడు నిమిషాలు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి పైన తేలిన నీరు వాడాలి. కణాల లెక్కతో కలిపి ఇదీ అవే 3 మార్కుల్లోకి వస్తుంది, విడిగా కలపకూడదు. కణాల లెక్క చేసే ల్యాబ్ దగ్గర్లో లేనిచోట మాత్రం ఇదే దిక్కు.

ఇక మీరడిగిన ఆల్ఫా డిఫెన్సిన్. న్యూట్రోఫిల్స్ క్రిములను చంపడానికి విడిచే చిన్న ప్రోటీన్ అది. రక్తంలో కాదు, కీలు నీటిలో కొలుస్తారు. ల్యాబ్‌లో యంత్రం మీద చేసేది ఒక రకం. గర్భ పరీక్ష పట్టీలా గీత చూపించే కిట్ ఇంకో రకం, దానికి పది నిమిషాలు పడుతుంది. ఆ కిట్‌కు అమెరికా ఎఫ్‌డీఏ 2019లో అనుమతి ఇచ్చింది. మంచి పరీక్షే. కానీ అందరికీ అక్కర్లేదు. అమ్మగారి లెక్కే తీసుకోండి. చేతిలో 3 మార్కులున్నాయి. కీలు నీటిలో తెల్లకణాలు 9,000, న్యూట్రోఫిల్స్ 88 శాతం వస్తే 3, 2 కలిసి మొత్తం 8. ఆల్ఫా డిఫెన్సిన్ చేసినా చేయకపోయినా నిర్ణయం అదే. తెల్లకణాలు 400, న్యూట్రోఫిల్స్ 30 శాతం వస్తే అప్పుడు కూడా దాని అవసరం తక్కువ. తెల్లకణాలు 2,400, న్యూట్రోఫిల్స్ 72 శాతం అని అటూఇటూ కాకుండా వచ్చిందనుకోండి, అక్కడే దాని విలువ. అది పాజిటివ్ అయితే మొత్తం 6. కాబట్టి ముందు లెక్కలు రానివ్వండి. నీరు బాగా వస్తే ఒక మిల్లీలీటరు ఫ్రిజ్‌లో దాచమని ల్యాబ్‌ను అడగండి, అవసరమైతే దాంతోనే చేయించవచ్చు. లోహానికి లోహం రాసుకుని పొడి రాలే కీళ్ళలో, గౌట్ లాంటి స్ఫటికాల జబ్బులో ఇది తప్పుగా పాజిటివ్ చూపవచ్చు. ఆ చీటీలోనే 'క్రిస్టల్స్ చూడండి' అని ఒక మాట రాయిస్తే గౌట్ సంగతి కూడా తేలుతుంది.

పై మార్కులకు ఒక మినహాయింపు: రుమటాయిడ్ కీళ్ళవాతం ఉన్నవాళ్ళలో సీఆర్పీ, ఈఎస్ఆర్, కీలు నీటి కణాలు అన్నీ జబ్బు వల్లే పెరగొచ్చు. అమ్మగారికి చేతివేళ్ళ కణుపులు ఉదయం పూట బిగుసుకుపోవడం, రెండు వైపులా వాపు ఉంటే సర్జన్‌కు చెప్పండి.

కల్చర్ దగ్గర ఓపిక కావాలి. చాలా ల్యాబ్‌లు రెండు రోజులకో ఐదు రోజులకో 'నో గ్రోత్' అని రిపోర్టు ఇచ్చి బాటిల్ పారేస్తాయి. క్యూటీబ్యాక్టీరియం లాంటివి పెరగడానికి పది రోజులు దాటొచ్చు. '14 రోజులు ఉంచండి, కృత్రిమ కీలు' అని చీటీ మీద పెద్దక్షరాలతో రాయించి, ల్యాబ్‌లో కౌంటర్ దగ్గర నోటితో కూడా చెప్పండి. రెండు రోజులకు వచ్చే రిపోర్టును తొలి రిపోర్టుగానే చూడండి. ఒకే బాటిల్‌లో ఎపిడెర్మిడిస్ పెరిగితే అది చర్మం మీద నుంచి వచ్చి కలిసిందేమోనని సందేహించాలి. రెండోసారి నీటిలో కూడా అదే పెరిగితే సందేహం లేదు. కల్చర్ నెగటివ్ వచ్చి, కణాలు మాత్రం వేలల్లో ఉంటే మన దేశంలో క్షయను మరిచిపోకూడదు. అప్పుడు సీబీనాట్ (క్షయ క్రిమి జన్యువును పట్టే పరీక్ష), క్షయ కల్చర్, ఫంగస్ కల్చర్ పంపాలి.

సూది వేసినా నీరు రాకపోవచ్చు. అది 'ఇన్ఫెక్షన్ లేదు' అన్న రిపోర్టు కాదు. అల్ట్రాసౌండ్ చూసుకుంటూ మళ్ళీ ప్రయత్నించవచ్చు. తుంటి కీలు మార్చినవాళ్ళకు మొదటిసారే అల్ట్రాసౌండ్‌గానీ ఎక్స్‌రే తెరగానీ చూసుకుంటూ తీయాలి, అంత లోతుకు చేతి అంచనాతో గుచ్చడం కుదరదు.

మొత్తం 6 గానీ అంతకు మించి గానీ వస్తే మాత్రలతో నెట్టుకురావడం కుదరదు. లక్షణాలు మొదలై మూడు వారాల లోపైతే కీలు ఉంచి, లోపల కడిగి, ప్లాస్టిక్ ముక్క మార్చి, యాంటీబయాటిక్ ఇచ్చి చూస్తారు. అమ్మగారికి రెండు నెలలు దాటింది కాబట్టి జిగురు పొర గట్టిపడి ఉంటుంది. పాత కీలు తీసి, యాంటీబయాటిక్ కలిపిన సిమెంటు ముక్క తాత్కాలికంగా పెట్టి, కొన్నాళ్ళకు కొత్త కీలు వేసే మాటే సర్జన్ ఎత్తవచ్చు. కొందరికి ఒకే ఆపరేషన్‌లో తీసి వేయడమూ ఉంది. ఆ ఆపరేషన్‌లో లోపలి కణజాలం నుంచి ఐదు నమూనాలు, ఒక్కోదానికి వేరే పరికరంతో, వేరే డబ్బాలో తీయాలి. కల్చర్‌కు వెళ్ళే డబ్బాలో ఫార్మలిన్ పోయకూడదు. కణజాలాన్ని మైక్రోస్కోప్ కింద చూసే హిస్టోపాథాలజీ డబ్బాకూ కల్చర్ డబ్బాకూ థియేటర్‌లో తారుమారై, క్రిములన్నీ ఫార్మలిన్‌లో చచ్చిపోయి, కల్చర్ 'నెగటివ్' వచ్చిన సందర్భాలు తక్కువేం కాదు. ముందురోజే అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

2 నుంచి 5 మధ్యనే ఆగిపోతే తొందరపడి కీలు తీయించుకోవద్దు. రెండు మూడు వారాలాగి మళ్ళీ నీరు తీయించడం, లేదా కణజాలం ముక్క తీసి చూడటం దారి. ఈలోగా షుగర్ అదుపులో పెట్టండి, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చేయించండి. ఏ ఆపరేషన్ అయినా ముందు అడిగే అంకె అదే.

సర్జన్ దగ్గరికి వెళ్ళేటప్పుడు పాత ఎక్స్‌రేలన్నీ, ఆపరేషన్ అయిన వెంటనే తీసిన మొదటి ఎక్స్‌రేతో సహా పట్టుకెళ్ళండి. ఇప్పటిది ఒక్కటే చూసి 'బాగుంది' అన్నా, పాతదాని పక్కన పెట్టి చూస్తే సిమెంటు అంచున కొత్తగా వచ్చిన సన్నని నల్లగీత కనబడొచ్చు. ఊళ్ళో డాక్టరుగారిచ్చిన యాంటీబయాటిక్ ఖాళీ స్ట్రిప్ కూడా పారేయకుండా తీసుకెళ్ళండి, పేరు, తేదీ అందులోనే ఉంటాయి.